శాతాలు చెప్పని చదువు.. చిన్న సర్కారు బడుల ఫలితాలను చూడాల్సిన తీరు

ఏటా పదో తరగతి ఫలితాలు వెలువడగానే జిల్లాలకు స్థానాలు, పాఠశాలలకు శాతాలు ప్రకటించడం ఆనవాయితీ. నూరు శాతం సాధించిన బడులకు అభినందనలు, వెనుకబడిన బడులకు తాఖీదులు అందుతుంటాయి. అయితే పదో తరగతిలో పదిమందో పదిహేనుమందో మాత్రమే ఉన్న చిన్న సర్కారు బడి విషయంలో ఈ శాతం ఎంతమేరకు వాస్తవాన్ని చెబుతుంది? ఆ బడిలో చదివే పిల్లలెవరు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఆరో తరగతిలో చేరినవారిలో ఎందరు పరీక్ష గది దాకా వచ్చారన్నది తెలియకుండా ఫలితాన్ని అంచనా వేయడం సాధ్యం కాదు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల విద్యా చరిత్ర ఈ సంగతినే రుజువు చేస్తోంది. ఊరి బడిపై తల్లిదండ్రుల నమ్మకం, ఉపాధ్యాయుల కేటాయింపు, చివరకు బడి మనుగడ కూడా ఈ అంకెలతోనే ముడిపడి ఉన్నందున వాటిని చదివే తీరు తెలుసుకోవడం అవసరం.

ముందు వరుసలో ఉత్తర తెలంగాణ

2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో పాత కరీంనగర్ నుంచి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. కొన్ని మండలాలు పొరుగు జిల్లాల్లో కలిశాయి. పాత ఆదిలాబాద్ నుంచి ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఆవిర్భవించాయి.

కొత్త జిల్లాల లెక్కన జరిగిన తొలి మూడు పదో తరగతి పరీక్షల్లోనూ జగిత్యాల రాష్ట్రంలో ప్రథమ స్థానంలో నిలవడం విశేషం. 2017లో 97.35 శాతం, 2018లో 97.56 శాతం, 2019లో 99.73 శాతం ఉత్తీర్ణత నమోదైంది. ఆయా సంవత్సరాల్లో రాష్ట్ర సగటు వరుసగా 84.15, 83.78, 92.43 శాతాలు. కరోనా కారణంగా 2020, 2021 సంవత్సరాల్లో విద్యార్థులందరినీ అంతర్గత మూల్యాంకనం ఆధారంగా ఉత్తీర్ణులుగా ప్రకటించినందున ఆ రెండేళ్లను మిగతా ఏళ్లతో పోల్చడం సరికాదు. అనంతరం నిర్మల్ జిల్లా 2023లో 99 శాతంతో, 2024లో 99.05 శాతంతో ప్రథమ స్థానాన్ని దక్కించుకుంది. అదే రెండేళ్లలో చివరన నిలిచిన వికారాబాద్ జిల్లాలో ఉత్తీర్ణత 59.46, 65.10 శాతాలు మాత్రమే.

పరీక్ష విధానం కూడా ఈ కాలంలో మారింది. గతంలో 11 పేపర్లు ఉండగా 2022 నుంచి 6 పేపర్లకు కుదించారు. ఒక్కో సబ్జెక్టులో ఉత్తీర్ణతకు 35 మార్కులు, ద్వితీయ భాష హిందీలో 20 మార్కులు అవసరం. కనుక 2019 నాటి శాతాన్ని 2024 నాటి శాతం పక్కన పెట్టి చూసేటప్పుడు ఈ మార్పును గుర్తుంచుకోవాలి.

జిల్లా స్థాయిలో వేలాదిమంది విద్యార్థులు ఉంటారు. అందువల్ల అక్కడ శాతానికి కొంత స్థిరత్వం ఉంటుంది. చిన్న బడి దగ్గరకు వచ్చేసరికి పరిస్థితి తారుమారవుతుంది.

ఒక్క విద్యార్థితో మారే లెక్క

ఉదాహరణకు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతిలో 12 మంది ఉన్నారనుకుందాం. అందరూ ఉత్తీర్ణులైతే నూరు శాతం. ఒక్కరు తప్పితే 91.67 శాతం. ఇద్దరు తప్పితే 83.33 శాతం. 200 మంది ఉన్న పట్టణ పాఠశాలలో ఒక్కరు తప్పితే మాత్రం 99.5 శాతం మిగులుతుంది. 2025లో రాష్ట్ర సగటు ఉత్తీర్ణత 92.78 శాతం. అంటే 12 మంది బడిలో ఒక్క విద్యార్థికి పరీక్షల వేళ జ్వరం వచ్చినా ఆ బడి రాష్ట్ర సగటు కంటే దిగువన నిలుస్తుంది. మరుసటి ఏడాది అందరూ గట్టెక్కితే అదే బడి నూరు శాతం జాబితాలో చేరుతుంది. ఈ రెండేళ్ల మధ్య బోధనలో ఎలాంటి మార్పూ లేకపోవచ్చు.

కనుక చిన్న బడిని ఒక్క ఏడాది ఫలితంతో తూచరాదు. కనీసం మూడు నుంచి ఐదేళ్ల విద్యార్థులను కలిపి లెక్కించాలి. శాతానికి బదులు ‘12 మందిలో 11 మంది’ అని సంఖ్యతో చెప్పడం మరింత మేలు. తప్పిన ఆ ఒక్కరు ఏ సబ్జెక్టులో తప్పారన్నది తెలిస్తే ఇంకా ఉపయోగం. వరుసగా మూడేళ్లు గణితంలోనే తప్పుతుంటే ఆ బడిలో గణిత ఉపాధ్యాయుడి పోస్టు ఖాళీగా ఉందేమో ఆరా తీయాలి.

ఆరో తరగతిలో ఎందరు.. పదిలో ఎందరు?

ఉత్తీర్ణత శాతాన్ని పరీక్ష రాసినవారి సంఖ్యతో లెక్కిస్తారు. మధ్యలో బడి మానేసినవారు ఆ లెక్కలోకి రారు. మరో ఉదాహరణ చూద్దాం. ఆరో తరగతిలో 30 మంది చేరారు. పదో తరగతి పరీక్ష 18 మంది రాశారు. 17 మంది ఉత్తీర్ణులయ్యారు. ప్రకటించే ఫలితం 94.44 శాతం. కానీ ఆరో తరగతిలో చేరినవారితో లెక్కిస్తే పదో తరగతి గట్టెక్కింది 56.67 శాతమే.

అలాగని తగ్గిన 12 మందీ చదువు మానేసినట్లు కాదు. కొందరు గురుకులాలకు, కొందరు ప్రైవేటు బడులకు బదిలీ పత్రం తీసుకుని వెళ్లి ఉంటారు. కొందరి కుటుంబాలు పనుల కోసం వలస పోయి ఉంటాయి. కొందరు ఆడపిల్లలకు పెళ్లిళ్లు జరిగి ఉండవచ్చు. బదిలీ అయినవారిని, బడి మానేసినవారిని వేర్వేరుగా లెక్కించినప్పుడే నిజం బయటపడుతుంది.

ఇక్కడ మరో అంశం గమనార్హం. గురుకుల పాఠశాలల్లో ఐదో తరగతి ప్రవేశాలకు పరీక్ష నిర్వహిస్తారు. ఊరి బడిలో బాగా చదివే పిల్లలే ఎక్కువగా ఈ పరీక్షలో నెగ్గి వెళ్లిపోతారు. అది ఆ పిల్లలకు మంచి అవకాశమే, వారిని తయారు చేసిన ప్రాథమిక పాఠశాలకు గౌరవమే. అయితే ఐదేళ్ల తరువాత వారి ఫలితం గురుకులం ఖాతాలో జమవుతుంది. మిగిలిన పిల్లలతో నడిచే ఉన్నత పాఠశాలను అదే గురుకులంతో పోల్చి నిందించడం న్యాయం అనిపించుకోదు.

ఎవరి పిల్లలు చదువుతున్నారు?

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో అక్షరాస్యత 64.15 శాతం, ఆదిలాబాద్ జిల్లాలో 61.01 శాతం. అప్పటి ఆంధ్రప్రదేశ్ సగటు 67.02 శాతం. రెండు జిల్లాల్లోనూ షెడ్యూల్డ్ కులాల జనాభా 18 శాతం అటూఇటుగా ఉంది. షెడ్యూల్డ్ తెగల విషయంలో మాత్రం తేడా స్పష్టం. ఆదిలాబాద్‌లో సుమారు 18 శాతం ఉండగా కరీంనగర్‌లో 3 శాతం లోపే. అంటే ఇరుగుపొరుగు జిల్లాలైనా బడికి వచ్చే పిల్లల నేపథ్యం ఒకటి కాదు.

కరీంనగర్ ప్రాంతంలో తండ్రి గల్ఫ్ దేశాల్లో ఉండగా తల్లి బీడీలు చుడుతూ పిల్లలను చదివించే కుటుంబాలు జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు కనిపిస్తాయి. సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుల పిల్లలు, గోదావరిఖనిలో సింగరేణి కార్మికుల పిల్లలు ఉన్నారు. పెద్దపల్లి ప్రాంతంలోని ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే కూలీల పిల్లలకు తెలుగే పరాయి భాష. బట్టీ పని ముగియగానే వారు సొంతూళ్లకు తిరిగి వెళ్లిపోతారు. హాజరు పట్టికలో వారి పేర్లు సగం ఏడాదే నిలుస్తాయి.

ఆదిలాబాద్‌లో గోండి, కోలామి, లంబాడా, మరాఠీ, ఉర్దూ, తెలుగు మాట్లాడే పిల్లలు పక్కపక్క ఊళ్లలోనే ఉంటారు. కాగజ్‌నగర్ పరిసరాల్లో బెంగాలీ కుటుంబాలు స్థిరపడ్డాయి. కోలాములు, తోటీలు ఆదిమ గిరిజన తెగలుగా ప్రభుత్వ గుర్తింపు పొందినవారు. పత్తి విస్తారంగా పండే ఈ ప్రాంతంలో దసరా తరువాత పత్తి ఏరే పనులు మొదలవుతాయి. పాఠశాలల గణాంకాలకు చాలా ఏళ్లపాటు సెప్టెంబరు 30ని ప్రామాణిక తేదీగా పాటించారు. ఆ తేదీన నిండుగా కనిపించిన తరగతి నవంబరులో సగం ఖాళీ అయినా వార్షిక లెక్కలో అది కనిపించేది కాదు.

రెండు జిల్లాల్లోనూ కనిపించే మరో ధోరణి, స్తోమత ఉన్నంతలో కొడుకును ప్రైవేటు బడికి, కూతురిని సర్కారు బడికి పంపడం. అందువల్ల ఊరి బడిలో బాలికల సంఖ్య ఎక్కువగా ఉంటే అది బాలికా విద్య పురోగతికి గుర్తు కావచ్చు, అబ్బాయిలు ప్రైవేటు బస్సెక్కారనడానికీ గుర్తు కావచ్చు. ఊరిలోని మొత్తం పిల్లల లెక్క తీస్తేనే ఏది నిజమో తెలుస్తుంది.

మార్లవాయి నేర్పిన పాఠం

పిల్లల నేపథ్యాన్ని గుర్తించి బడి నడిపితే ఏం జరుగుతుందో ఎనిమిది దశాబ్దాల క్రితమే ఆదిలాబాద్ అడవుల్లో ప్రయత్నించి చూశారు. 1940లో జోడేఘాట్ వద్ద కుమురం భీం పోరాటం, ఆయన మరణం తరువాత గోండుల స్థితిగతులను అధ్యయనం చేసే బాధ్యతను నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్‌కు అప్పగించింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ నేటి జైనూర్ మండలంలోని మార్లవాయిలో నివాసం ఏర్పరచుకున్నారు.

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. గోండుల్లో చదువుకున్నవారే అరుదైన రోజులవి. కొద్దిపాటి చదవడం, రాయడం వచ్చిన యువకులను ఎంచి వారికే శిక్షణ ఇచ్చి ఊళ్లకు ఉపాధ్యాయులుగా పంపారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారు చేయించారు. పిల్లలు ముందు తమ భాషలో అక్షరాలు నేర్చి, ఆ తరువాత ఇతర భాషల్లోకి వెళ్లేలా పథకం రూపొందింది. బయటి నుంచి ఉపాధ్యాయుడిని రప్పించడానికి బదులు ఊరిలోనే ఉపాధ్యాయుడిని తయారు చేయడం ఈ పథకానికి ఆయువుపట్టు. హైదరాబాద్ సివిల్ సర్వీసు అధికారి సేతుమాధవరావు పగడి వంటివారు గోండి నేర్చుకుని గిరిజనుల మధ్య పనిచేయడం కూడా ఆ కాలపు ప్రత్యేకత.

హైదరాబాద్ రాష్ట్రం భారత యూనియన్‌లో విలీనం కావడం, 1956లో భాషా ప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడటంతో పరిస్థితి మారింది. కిన్వట్, రాజురా ప్రాంతాలు మరాఠీ రాష్ట్రం వైపు వెళ్లగా మిగిలిన జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. గోండి మాధ్యమం క్రమంగా వెనక్కి తగ్గి తెలుగు ప్రధాన బోధనా భాష అయింది. పిల్లవాడికి అర్థం కాని భాషలో ఉపాధ్యాయుడు, ఉపాధ్యాయుడికి తెలియని భాషలో పిల్లవాడు మిగిలిపోయే పరిస్థితి అనేక గూడేల్లో తలెత్తింది. దశాబ్దాల తరువాత తిరిగి వచ్చిన హైమండార్ఫ్ గిరిజన జీవితంలో వచ్చిన మార్పులను 1982లో వెలువడిన పుస్తకంలో నమోదు చేశారు. బెట్టీ ఎలిజబెత్ 1987లో మరణించగా ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. 1995లో కన్నుమూసిన హైమండార్ఫ్‌ను కూడా ఈ ప్రాంత గిరిజనులు నేటికీ స్మరించుకుంటారు.

మార్లవాయి బడిని పదో తరగతి శాతంతో కొలిచి ఉంటే ఆనాడు ఏ లెక్కకూ వచ్చేది కాదు. అక్షరమే ఎరుగని ఊళ్లకు సొంత ఉపాధ్యాయులను ఇవ్వడమే దాని ఫలితం. ఏ బడి ఎక్కడి నుంచి బయలుదేరిందో తెలిస్తేనే ఎంత దూరం వచ్చిందో చెప్పగలం.

మళ్లీ బడిలోకి తల్లి భాష

ఈ అనుభవం పూర్తిగా మరుగున పడలేదు. 2004లో నాటి ఉమ్మడి రాష్ట్రంలో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలైంది. గోండి, కోలామి, కోయ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, లంబాడా అనే 8 భాషల్లో ప్రాథమిక తరగతుల వాచకాలు రూపొందాయి. తెలుగు లిపినే వాడి, తల్లి భాషలో మొదలుపెట్టి క్రమంగా తెలుగులోకి తీసుకువెళ్లడం దీని ఉద్దేశం. మరోవైపు నార్నూర్ మండలం గుంజాలలో వెలుగుచూసిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది.

ఉపాధ్యాయుల విషయంలోనూ ఒక ప్రయత్నం జరిగింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని ఉపాధ్యాయ పోస్టులన్నింటినీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000 జనవరిలో ప్రభుత్వం జీవో 3 జారీ చేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధమంటూ 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో కొనసాగనిచ్చింది. చట్టపరమైన వాదోపవాదాలు ఎలా ఉన్నా, పిల్లల భాష తెలిసిన ఉపాధ్యాయుడు గూడెం బడిలో ఉన్నారా లేదా అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

2022-23 నుంచి రాష్ట్రంలోని సర్కారు బడుల్లో 1 నుంచి 8వ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టారు. గోండు బాలుడికి ఇది మూడో భాష. ఇంట్లో గోండి, ఊరి సంతలో తెలుగు లేదా మరాఠీ, పుస్తకంలో ఆంగ్లం. రాబోయే ఏళ్ల ఫలితాలను చదివేటప్పుడు ఈ సంగతిని మరువరాదు.

టీచర్ల సగటుతో తీరని చిక్కు

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు ఉపాధ్యాయులు ఉండాలి. 6 నుంచి 8 తరగతులకు విజ్ఞాన శాస్త్రం-గణితం, సాంఘిక శాస్త్రం, భాషలు బోధించేందుకు కనీసం ఒక్కొక్కరు అవసరం.

ఒక బడిలో 24 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉంటే సగటున 12 మందికి ఒకరు. కాగితం మీద ఇది పట్టణ పాఠశాల కంటే మెరుగు. ఆచరణలో ఇద్దరు కలిసి ఐదు తరగతులు చెప్పాలి. ఒకరు సెలవు పెట్టినా, శిక్షణకో ఎన్నికల విధులకో వెళ్లినా మిగిలిన ఒక్కరే ఐదు తరగతులను చూసుకోవాలి. పిల్లలు తగ్గితే పోస్టులు తగ్గుతాయి, పోస్టులు తగ్గితే తల్లిదండ్రుల నమ్మకం సడలి పిల్లలు ఇంకా తగ్గుతారు. చాలా చిన్న బడులు ఈ వలయంలోనే చిక్కుకున్నాయి. గూడెం బడి మూతపడితే వాగు దాటి పక్క ఊరికి నడవాల్సింది ఆరేడేళ్ల పిల్లలేనని మరువరాదు.

నేపథ్యాన్ని గుర్తించిన బాసర

ఒకే మార్కుల వెనుక వేర్వేరు శ్రమ ఉంటుందని గుర్తించిన ఉదాహరణ మన ప్రాంతంలోనే ఉంది. 2008లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం బాసర ప్రాంగణంలో పదో తరగతి ప్రతిభ ఆధారంగా ప్రవేశాలు కల్పిస్తారు. గ్రేడ్ పాయింట్ల విధానం ఉన్న కాలంలో, వసతి లేని ప్రభుత్వ, స్థానిక సంస్థల పాఠశాలల్లో చదివినవారి సగటుకు 0.4 పాయింట్లు అదనంగా కలిపేవారు. ఊరి బడిలో చదివి సాధించిన 9కి, సకల వసతుల నడుమ సాధించిన 9కి తేడా ఉందన్నది దీని సారాంశం. పాఠశాలల ఫలితాలను పోల్చేటప్పుడూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి

పాఠశాలల వివరాల సేకరణ 1990వ దశకం మధ్యలో జిల్లా ప్రాథమిక విద్యా పథకంతో మొదలై, 2012-13 నుంచి యూడైస్ పేరిట ఏకీకృతమైంది. 2022-23 నుంచి విద్యార్థుల వారీగా వివరాలు నమోదవుతున్నాయి. నమోదు, సామాజిక వర్గం, బాలబాలికల సంఖ్య, వసతులు, ఉపాధ్యాయుల వివరాలు ఇందులో ఉంటాయి. బడి గురించి ఊరిలో చర్చ జరిగినప్పుడు ఈ కింది ప్రశ్నలు వేయడం ప్రయోజనకరం.

- గత ఐదేళ్లలో ఎందరు పరీక్ష రాశారు, ఎందరు ఉత్తీర్ణులయ్యారు? శాతం వద్దు, సంఖ్య కావాలి.
- ఆ విద్యార్థులు ఆరో తరగతిలో ఉన్నప్పుడు తరగతిలో ఎందరున్నారు? తగ్గినవారిలో బదిలీ అయిందెందరు, మానేసిందెందరు?
- తప్పినవారు ఏ సబ్జెక్టులో తప్పారు? ఆ సబ్జెక్టుకు ఆ ఏడాది ఉపాధ్యాయుడు ఉన్నారా, ఎన్ని నెలలు ఉన్నారు?
- పిల్లల ఇంటి భాష ఏది? ఆ భాష తెలిసినవారు బడిలో ఉన్నారా?
- పత్తి ఏరే నెలల్లో, బట్టీల కాలంలో హాజరు ఎంత?
- ఊరిలో బడి ఈడు పిల్లలు మొత్తం ఎందరు? వారిలో సర్కారు బడికి ఎందరు, బయటి బడులకు ఎందరు? వారిలో అబ్బాయిలెందరు, అమ్మాయిలెందరు?
- మూడో తరగతి పిల్లలు తమ పాఠ్యపుస్తకాన్ని తడబడకుండా చదవగలుగుతున్నారా?

చివరి ప్రశ్న అన్నింటికంటే ముఖ్యమైనది. పదో తరగతిలో కనిపించే వెనుకబాటుకు మూలం తరచూ ప్రాథమిక తరగతుల్లోనే ఉంటుంది. 2022లో 1 నుంచి 5 తరగతులకు ‘తొలిమెట్టు’, 2023లో ఉన్నత తరగతులకు ‘ఉన్నతి’ కార్యక్రమాలు చేపట్టింది ఈ లోపాన్ని సరిదిద్దేందుకే. పరీక్షల ముందు నిర్వహించే ప్రత్యేక తరగతులతో ఒకరిద్దరు గట్టెక్కవచ్చు గానీ, చదవడమే రాని విద్యార్థికి అవి ఊతం కాలేవు.

పాఠశాల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలని విద్యాహక్కు చట్టం నిర్దేశించింది. బడి పనితీరును పర్యవేక్షించడం, అభివృద్ధి ప్రణాళిక రూపొందించడం ఆ కమిటీలకు చట్టం అప్పగించిన విధులు. పై ప్రశ్నలకు సమాధానాలు ఒక కాగితం మీద రాసి ఏటా జూన్‌లో బడి గోడకు అంటిస్తే ఊరంతటికీ బడి స్థితి తెలుస్తుంది. అప్పుడు 12 మందిలో తప్పిన ఆ ఒక్కరు ఎవరో, ఎందుకు తప్పారో తెలుసుకుని అనుబంధ పరీక్షకు సిద్ధం చేసే వీలు కలుగుతుంది.